పిటిషన్ ఇప్పుడే వేయండి, మెడికల్ మాత్రం ఆఖర్న

కొండాపూర్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు ముప్పై నాలుగు, ఐటీ ఉద్యోగం, పెళ్లయి ఆరేళ్లు దాటింది. భర్త ఎం.ఎస్. చదవడానికి వెళ్లి పదమూడేళ్లు అమెరికాలోనే ఉన్నారు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పెద్దవాళ్లకు దగ్గరగా ఉండాలని, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో హైదరాబాద్ వచ్చేశారు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక అమెరికన్ కంపెనీలో పనిచేస్తున్నారు. పాప ఇక్కడే పుట్టింది, నాలుగేళ్లు. ఇంకో రెండేళ్లకు, పాప ఒకటో తరగతిలో చేరే వేళకు, ముగ్గురూ అమెరికా వెళ్లిపోవాలని అనుకున్నారు. గొడవంతా ఆమె వీసాకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలన్న దగ్గరే.

"మా వారేమో 'భార్యకి వీసా ఎంతసేపు, వెళ్లే ముందు చూద్దాంలే' అంటారు. డాలస్‌లో ఉన్న మా మరిది 'వదినా, ఇవాళే పెట్టించండి, ఏళ్లు పడుతుంది' అంటాడు. ముందే పెడితే వీసా ముందే వచ్చేసి, వాడుకోకపోతే మురిగిపోతుందని ఆఫీసులో ఒకరన్నారు. నాకు పదేళ్ల టూరిస్ట్ వీసా ఉంది, దానిమీద వెళ్లి అక్కడే గ్రీన్ కార్డుకి పెట్టుకోమని ఇంకొకరి సలహా. పాపని నా దరఖాస్తులోనే చేర్చొచ్చా? మా అమ్మకి డయాలసిస్ నడుస్తోంది. తీరా వీసా చేతికొచ్చే సమయానికి ఆమెని వదిలి కదల్లేకపోతే ఏమవుతుంది? ఈ మాట ఎత్తితే చాలు, నాకు వెళ్లడం ఇష్టం లేదేమో అని మా వారు నొచ్చుకుంటున్నారు." ఇవీ ఆమె ప్రశ్నలు.

టూరిస్ట్ వీసా మాట పక్కన పెడితే, మీకు సలహా ఇచ్చినవాళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో దశ గురించి చెప్పారు, మీరు అన్నీ కలిపి విన్నారు. అందుకే అయోమయంగా ఉంది. భార్య లేదా భర్త ఇమిగ్రెంట్ వీసాకు మూడు దశలుంటాయి. మొదటిది, మీవారు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పెట్టే ఐ-130 పిటిషన్. రెండోది, అది ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్ దగ్గర ఫీజులు, కాగితాల పని. దాన్ని అందరూ ఎన్‌వీసీ అంటారు. మూడోది మెడికల్, ముంబై ఇంటర్వ్యూ. ఆలస్యమంతా మొదటి దశలో ఉంటుంది. గడువు తేదీ మూడో దశలో మొదలవుతుంది. కావాలంటే ఆగడానికి వీలున్నది మధ్య దశలో. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో ఇద్దరికీ అర్థమైతే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

పౌరుడి భార్యకు వీసా సంఖ్యల పరిమితి లేదు, వరుసలో ఏళ్ల తరబడి నిలబడక్కర్లేదు. మీవారు 'ఎంతసేపు' అనడానికి కారణం బహుశా ఇదే. వరుస లేకపోయినా పిటిషన్ పరిశీలనకు పట్టే సమయం పడుతుంది. ఈమధ్య కాలంలో ఒక్క ఐ-130కే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పడుతోంది. ఆ తర్వాత ఎన్‌వీసీ, ముంబైలో ఇంటర్వ్యూ తేదీ కోసం నిరీక్షణ కలిపి మరికొన్ని నెలలు. అంటే ఏ అడ్డంకీ లేకుండా నడిచినా ఒకటిన్నర నుంచి రెండేళ్లు. మీరు వెళ్లాలనుకున్నది రెండేళ్లకే కాబట్టి 'ముందే పెట్టేస్తున్నామేమో' అన్న భయం మీకు అక్కర్లేదు. ఇవాళ పెడితే సరిగ్గా సమయానికి పెట్టినట్టు.

ఒకవేళ పిటిషన్ అనుకున్నదానికంటే త్వరగా ఆమోదం పొందినా నష్టం లేదు. మీ వివాహబంధం కొనసాగుతున్నంత కాలం ఆ ఆమోదానికి కాలదోషం ఉండదు. కేసు ఎన్‌వీసీకి వెళ్లాక మీరు ఫీజు కట్టి, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసేదాకా అది ఇంటర్వ్యూ వైపు కదలదు. ఆగాలనుకుంటే ఇక్కడే ఆగండి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఏడాది పాటు ఎన్‌వీసీతో ఏ సంప్రదింపూ లేకపోతే కేసు రద్దు చేసే ప్రక్రియ మొదలవుతుంది. అందుకని ఎనిమిది, తొమ్మిది నెలలకోసారైనా వాళ్ల పబ్లిక్ ఎంక్వయిరీ ఫారం ద్వారా 'కేసు కొనసాగిస్తున్నాం' అని రాసి, వచ్చిన జవాబును దాచుకోండి. వాళ్ల ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడి, ఎవరూ చూసుకోక, ఏడాది గడిచిపోయిన కేసులు చాలా ఉంటాయి. లాగిన్ వివరాలు మీవారి ఒక్కరి దగ్గరే కాకుండా మీ దగ్గర కూడా ఉంచుకోండి.

కాగితాలన్నీ సమర్పించి, అన్నీ సరిపోయాయని ఎన్‌వీసీ చెప్పాక మాత్రం కేసు మీ చేతిలో ఉండదు. ఇంటర్వ్యూ తేదీ వాళ్లు ఇస్తారు. దానికి ముందు మెడికల్. మీ ఆఫీసులో అన్న 'మురిగిపోవడం' ఇక్కడి సంగతే. ఇమిగ్రెంట్ వీసా గడువు మామూలుగా మెడికల్ జరిగిన రోజు నుంచి ఆరు నెలల దాకానే ఉంటుంది. ఆలోపు అమెరికాలో అడుగుపెట్టాలి.

కాబట్టి తేదీని వెనక నుంచి లెక్కపెట్టండి. అక్కడ బడులు ఆగస్టులో తెరుస్తారు, మీరు జూన్, జులైకల్లా దిగాలి. అలాగైతే మెడికల్ ఆ ఏడాది ఫిబ్రవరికి ముందు చేయించుకోవద్దు. ఇంటర్వ్యూ మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో పడేలా, కాగితాలన్నీ అంతకుముందు ఏడాది దసరా, దీపావళి మధ్య ఎన్‌వీసీకి చేరాలి. ఇంకా ఆలస్యం చేస్తే ముంబై తేదీ దొరక్క పాప బడి తెరిచే రోజు దాటిపోవచ్చు. మెడికల్ కూడా చివరి వారానికి పెట్టుకోకండి. ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనిపించినా కఫం పరీక్షలు చేస్తారు, ఆ కల్చర్ ఫలితానికే రెండు నెలల దాకా పడుతుంది. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి తగ్గిన టీబీ మచ్చకు కూడా ఇదే పద్ధతి.

ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇమిగ్రెంట్ వీసాలకు ముంబై వెళ్లాల్సిందే. ఐ-130లో వీసా ఎక్కడ తీసుకుంటారని అడిగినచోట ముంబై అనే రాయించండి.

ఇక మీవారు చెప్పినట్టు చివర్లో పెడితే ఏమవుతుందో కూడా చూద్దాం, అదీ ఒక దారే. వెళ్లడానికి నాలుగైదు నెలల ముందు పిటిషన్ వేస్తే ఆయన ముందు వెళ్లి ఉద్యోగంలో చేరాలి, మీరు ఏడాది పైనే ఇక్కడ ఉండిపోవాలి. పాప తండ్రితో వెళ్లాలా, తల్లి దగ్గర ఉండాలా అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. విదేశంలో పనిచేస్తున్న అమెరికా పౌరుడికి ఉన్నట్టుండి అమెరికాలో ఉద్యోగమో బదిలీయో వచ్చి, చేరే తేదీ మరీ దగ్గరగా ఉంటే, కాన్సులేట్ నేరుగా పిటిషన్ తీసుకునే వెసులుబాటు ఒకటుంది. అది అసాధారణ పరిస్థితికి ఇచ్చేది, తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. రెండేళ్ల ముందే తెలిసిన ప్రయాణానికి దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు.

టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ గ్రీన్ కార్డుకు పెట్టడం గురించి నేను గట్టిగానే చెబుతాను: వద్దు. స్థిరపడాలని మనసులో పెట్టుకుని, విమానాశ్రయంలో 'చూడ్డానికి వచ్చాను' అని చెబితే అది అబద్ధం చెప్పి ప్రవేశించడమే. ఆ నింద ఫైలులో ఒక్కసారి పడితే జీవితాంతం ప్రవేశ నిషేధం దాకా వెళ్తుంది. తర్వాత మినహాయింపు కోసం వేరే దరఖాస్తు, వేరే ఖర్చు, ఏళ్ల నిరీక్షణ. మీకు ఏ అడ్డూ లేని దారి ఒకటి ఉన్నప్పుడు దీని అవసరమే లేదు. పిటిషన్ పెండింగ్‌లో ఉండగా నిజంగానే రెండు వారాలు మరిది ఇంటికి వెళ్లి రావాలంటే మాత్రం ఆ వీసా పనికొస్తుంది. తిరుగు టికెట్, ఆఫీసు సెలవు పత్రం దగ్గర పెట్టుకుని, అధికారి అడిగితే పిటిషన్ ఉందని దాచకుండా చెప్పండి. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది మాత్రం అప్పుడు కూడా ఆ అధికారి చేతిలోనే ఉంటుంది.

మీ ఉత్తరంలో మీరు అడగని విషయం ఒకటుంది. నా దృష్టిలో మీ కేసు ఆగేది ఎక్కడైనా ఉంటే అక్కడే. స్పాన్సర్, అంటే మీకు హామీ ఇచ్చే మీవారు, విదేశంలో నివసిస్తున్నారన్న సంగతి. మీరు సొంతూళ్లో ఉన్నారు, కానీ అమెరికా లెక్కలో మీవారు విదేశవాసి. ఐ-864 అనే పోషణ హామీ పత్రం ఇవ్వాలంటే ఆయనకు అమెరికాలో స్థిరనివాసం ఉండాలి, లేదా మీరు అక్కడ అడుగుపెట్టే రోజుకల్లా ఏర్పరచుకుంటున్నట్టు చూపాలి. మీకంటే ముందు వెళ్లి తీరాలన్న నియమం లేదు, కలిసి విమానం ఎక్కొచ్చు. కానీ 'వెళ్లిపోతాం' అన్న నోటిమాట చాలదు. నడుస్తున్న బ్యాంకు ఖాతా, చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు, ఓటు నమోదు, ఇంటి అద్దె కోసం రాసిన ఈమెయిళ్లు, పాప బడికి దరఖాస్తు, సామాను పంపే కంపెనీ కొటేషన్, ఇక్కడి కంపెనీకి ఇచ్చిన నోటీసు లాంటివి కావాలి. ఇవన్నీ ఒక్కరోజులో పుట్టవు కాబట్టి ఇప్పటినుంచే ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి.

బ్యాంకు ఖాతా సంగతి మరీ ముఖ్యం. ఎన్‌వీసీ దశలో కట్టాల్సిన 325 డాలర్ల వీసా ఫీజు, 120 డాలర్ల హామీపత్రం ఫీజు అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి, రూటింగ్ నంబర్ అడుగుతుంది. ఇక్కడికి వచ్చాక వాడకం లేక ఆయన పాత ఖాతా మూతపడి ఉంటే, ఇప్పుడే తెరిపించే ప్రయత్నం చేయమనండి.

తర్వాత ఆదాయం. మీవారు, మీరు, పాప కలిపి ముగ్గురి కుటుంబం. పాప అమెరికా పౌరురాలైనా లెక్కలోకి వస్తుంది. 2025 పేదరిక ప్రమాణాల ప్రకారం ముగ్గురికి కావలసిన కనీస వార్షికాదాయం 33,312 డాలర్లు. ఇది ఏటా మారుతుంది, మీరు సమర్పించే ఏడాది పట్టిక చూసుకోండి. గచ్చిబౌలి జీతం అంతకంటే ఎక్కువే కావచ్చు, కానీ ఇక్కడ ఉద్యోగం మానేస్తే ఆగిపోయే జీతాన్ని లెక్కపెట్టరు. అదే కంపెనీ ఆయన్ని అమెరికా ఆఫీసుకు బదిలీ చేస్తూ, జీతం, చేరే తేదీ రాసిస్తే అది గట్టి ఆధారం. ఇంకా చేరని కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఆదాయం చూపలేకపోతే ఆస్తి చూపొచ్చు. పౌరుడి భార్య విషయంలో తక్కువపడిన మొత్తానికి మూడు రెట్లు కావాలి. ఆదాయం సున్నా అనుకుంటే దాదాపు లక్ష డాలర్లు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, షేర్లు, మీ పేరున ఉన్నవి కూడా పనికొస్తాయి. అపార్ట్‌మెంట్ చూపాలంటే లోను పోను మిగిలే విలువకు వాల్యుయేషన్ రిపోర్టు కావాలి. ఏడాదిలోపు అమ్మి డబ్బు చేసుకుని బయటికి తీసుకెళ్లగలిగేదై ఉండాలి. మీ అత్తయ్యగారు, మామయ్యగారు ఉంటున్న ఇంటిని ఈ లెక్కలోకి తేకపోవడమే మంచిది.

మూడో దారి, మరిదిని జాయింట్ స్పాన్సర్‌గా, అంటే మీవారితో పాటు హామీ సంతకం పెట్టేవాడిగా, అడగడం. ఆయన పౌరుడో గ్రీన్ కార్డుదారుడో అయి ఉండాలి. హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉంటే ఎంత జీతమున్నా కుదరదు. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్లమీద మీరు కలిపి ఐదుగురి లెక్కన 2025 పట్టికలో 47,062 డాలర్లు రావాలి. అడిగే ముందు ఆయనకూ తోటికోడలికీ విషయం పూర్తిగా చెప్పండి. ఆ సంతకం చట్టపరమైన ఒప్పందం. మీరు పౌరసత్వం తీసుకునేదాకా, లేదా దాదాపు పదేళ్ల పని లెక్కకు సమానమైన 40 క్వార్టర్లు జమయ్యేదాకా, లేదా దేశం వదిలి వచ్చేసేదాకా అది ఉంటుంది. విడాకులతో కూడా పోదు. 'ఊరికే ఒక ఫారం' అని చెప్పి సంతకం పెట్టించుకుంటే తర్వాత తెలిసిన రోజున అన్నదమ్ముల మధ్య మాట పడుతుంది.

అలాగే పన్ను రిటర్న్‌లు. అమెరికా పౌరుడు ఏ దేశంలో సంపాదించినా, కట్టాల్సిన పన్ను సున్నా అయినా, రిటర్న్ వేయాలి. విదేశీ ఖాతాల్లో మొత్తం కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఖాతాల నివేదిక కూడా ఇవ్వాలి. హైదరాబాద్ వచ్చాక చాలామంది ఇక్కడి ఐటీ రిటర్న్ వేసి సరిపెట్టుకుంటారు. ఐ-864తో పాటు తాజా రిటర్న్ అడిగినప్పుడు బయటపడుతుంది. తెలియక మానేసినవాళ్లు సరిదిద్దుకోవడానికి స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది, మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు వేయాలి. అమెరికా పన్నులు తెలిసిన సీపీఏ (అక్కడి లైసెన్సున్న అకౌంటెంట్) చేతే చేయించండి. దీనికీ కొన్ని నెలలు పడుతుంది.

ఐ-130 విషయానికొస్తే ఆయన ఇక్కడ కూర్చునే ఆన్‌లైన్‌లో వేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఫీజు 625 డాలర్లు, కాగితంపై అయితే 675. కట్టేముందు ఒకసారి సైట్‌లో చూసుకోండి. ఆయన పాస్‌పోర్టు లేదా పౌరసత్వ సర్టిఫికెట్, వివాహ ధ్రువపత్రం, ఇద్దరి ఫొటోలు, కలిసి జీవిస్తున్నారనడానికి ఆధారాలు కావాలి. ఉమ్మడి ఖాతా, ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, పాప జనన పత్రం చాలు, పెళ్లి ఆల్బమ్ మొత్తం పెట్టక్కర్లేదు. వివాహ పత్రం సబ్ రిజిస్ట్రార్ ఇచ్చినదే కావాలి. గుడి రసీదో ఫంక్షన్ హాల్ బిల్లో చెల్లవు. మీరు మొదటిసారి అక్కడ అడుగుపెట్టేనాటికి పెళ్లయి రెండేళ్లు దాటి ఉంటుంది కాబట్టి షరతుల్లేని పదేళ్ల కార్డే వస్తుంది.

మీరు నల్గొండ దగ్గర పల్లెలో ఇంట్లోనే పుట్టానని, జనన పత్రం లేదని రాశారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉందని, పాస్‌పోర్టులో పూర్తిగా ఉందని కూడా. ఇది మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో ఉన్న చిక్కే, కంగారు పడకండి. కాకపోతే సమయం తీసుకుంటుంది. పుట్టిన ఊళ్లో నమోదు లేదన్న పత్రం ముందు తీసుకోండి. మీసేవ ద్వారా ఆలస్య నమోదుకు పెడితే ఆర్డీఓ విచారణ తర్వాత జనన పత్రం వస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత పుట్టిన పత్రం కాబట్టి పక్కనే మెమో, మీ పుట్టుక తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్ పెట్టండి. అమ్మగారి అఫిడవిట్ ఇప్పుడే రాయించుకోవడం మంచిది. పేరు రెండు రకాలుగా ఉన్నది ఒకే మనిషి అన్న అఫిడవిట్ ఇంకొకటి. డీఎస్-260లో 'వాడిన ఇతర పేర్లు' అన్నచోట పొడి అక్షరంతో ఉన్న పేరు కూడా రాయండి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి వస్తుంది. అది రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు తీసుకుంటే వృథా, ఎన్‌వీసీకి పంపే ముందు తీసుకోండి. మీరు ఎమ్మెస్సీకి, ఆపై ఉద్యోగానికి కలిపి రెండున్నరేళ్లు లండన్‌లో ఉన్నారు. పదహారేళ్లు నిండాక ఏడాది పైగా ఉన్న ప్రతి దేశం నుంచీ అడుగుతారు, కనుక అక్కడి పోలీస్ సర్టిఫికెట్ (ఏక్రో) కూడా కావాలి. మళ్లీ ఆ దేశం వెళ్లకపోతే దానికి ఆ రెండేళ్ల గడువు వర్తించదు, ముందే తెప్పించుకోవచ్చు.

పాపను మీ దరఖాస్తులో చేర్చలేరు. పౌరుడి భార్య కేసులో పిల్లలు వెంట రారు, కావాలంటే విడిగా పిటిషన్ వేయాలి. కానీ మీ పాపకు అసలు వీసా అక్కర్లేదనే అనుకుంటున్నాను. పాప పుట్టేనాటికి తండ్రి అమెరికా పౌరుడై, అంతకుముందు అక్కడ కనీసం ఐదేళ్లు, అందులో రెండేళ్లు తన పద్నాలుగో ఏట దాటాక, భౌతికంగా ఉండి ఉంటే పాప పుట్టుకతోనే అమెరికా పౌరురాలు. విదేశంలో పుట్టిన బిడ్డ అమెరికా పౌరసత్వానికి రుజువుగా ఇచ్చే జనన నివేదిక, పాస్‌పోర్టు రెండూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే చేస్తారు. నివేదికకు 100 డాలర్లు, పాస్‌పోర్టుకు 135. మీవారి యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు, అక్కడి కంపెనీలు ఏటా ఇచ్చిన జీతం పత్రాలు (డబ్ల్యూ-2లు), పాత పాస్‌పోర్టుల స్టాంపులు వెతికి పెట్టండి, అడిగేవి అవే. అమెరికా పాస్‌పోర్టు వచ్చాక పాప ఇక్కడ ఉండటానికీ దేశం దాటడానికీ ఏం కావాలో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ) దగ్గర ముందే తేల్చుకోండి, టికెట్లు కొన్నాక కాదు.

ఇక అమ్మగారి విషయం. మీ ఉత్తరంలో అసలు భారం ఇదేనని నాకనిపించింది. మీవారికి ఇలా చెప్పి చూడండి: పిటిషన్ వేయడం అంటే రేపే వెళ్లిపోతానని మాటివ్వడం కాదు, మెడికల్ చేయించుకునే రోజుదాకా వెనక్కి తగ్గే వీలు మనకుంది. అమ్మ పరిస్థితి బాగోలేకపోతే ఎన్‌వీసీ దగ్గరే ఆగొచ్చు. ఆయన, పాప ముందు వెళ్లినా మీ కేసు ఎక్కడికీ పోదు. పిటిషన్ వేయకుండా ఉంటే ఈ వెసులుబాటు ఉండదు.

వీసా వచ్చాక కదల్లేని పరిస్థితి వస్తే రెండు దారులు. వీసా గడువు దాటనిచ్చి, కారణం చూపి మళ్లీ తీసుకోవడం ఒకటి. మళ్లీ ఫీజు, మళ్లీ మెడికల్ అవుతాయి, కానీ పౌరుడి భార్య కనుక సంఖ్య కోసం వేచి ఉండక్కర్లేదు. రెండోది, గడువులోపు ఒకసారి వెళ్లి దిగి, అక్కడ ఉండగానే ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కు పెట్టి, వేలిముద్రలిచ్చి తిరిగి రావడం. అది రెండేళ్ల దాకా ఇస్తారు. పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డు పోతుంది. పర్మిట్ ఉన్నా పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం లెక్క తెగుతుంది. పైగా దిగిన రోజు నుంచి మీ ఇక్కడి జీతం, పీపీఎఫ్, డిపాజిట్లు అన్నీ అమెరికా పన్ను లెక్కలోకి వస్తాయి. మన మ్యూచువల్ ఫండ్ల మీద అక్కడి నిబంధనలు చాలా కఠినం, వెళ్లేముందే వాటి సంగతి చూసుకోవాలి. కొన్ని నెలల ఆలస్యమే అయితే మొదటి దారి, ఏడాదికి మించేలా ఉంటే ముందే ఎన్‌వీసీ దగ్గర ఆగడం మీకు నప్పుతాయి. రీఎంట్రీ పర్మిట్ దారిని చివరికి ఉంచండి.

ఉద్యోగానికి రాజీనామా ముంబై నుంచి పాస్‌పోర్టు వీసా ముద్రతో ఇంటికి వచ్చాకే ఇవ్వండి. ఇంటర్వ్యూలో 'అప్రూవ్డ్' అన్నాక కూడా ఒక్కోసారి అదనపు పరిశీలనకు వారాలు పడుతుంది. మీది తొంభై రోజుల నోటీసు అన్నారు, ఆరు నెలల గడువు మెడికల్ రోజు నుంచే నడుస్తుంది కాబట్టి, మిగిలిన రోజుల్లో అది సరిపోతుందో లేదో లెక్క చూసుకోండి. బయల్దేరే ముందు 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, కార్డు పోస్టులో రావడానికి మరిదిగారి చిరునామా ఇవ్వండి. కార్డు వచ్చేదాకా వీసా మీద పడే ప్రవేశ ముద్రే ఏడాది పాటు గ్రీన్ కార్డుగా చెల్లుతుంది.